కాలేయంలో జవాబు వెదికిన మనిషి: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

పెరటి చెట్టు మందుకు పనికిరాదని మనవాళ్ళు ఊరికే అనలేదు. మన పెరట్లో మొలిచిన మొక్కను మనం గుర్తించం. అదే చెట్టు పరదేశంలో మహావృక్షమైతే, ఎప్పుడో తీరిగ్గా వెళ్ళి దాని నీడన నిలబడి ఫోటో తీయించుకుంటాం. అలాంటి పెరటి చెట్టు ఒకటి గోదావరి గట్టున పుట్టి, అమెరికాలో కాపు కాచి, అక్కడి మట్టిలోనే కలిసిపోయింది. ఆయన పేరు యల్లాప్రగడ సుబ్బారావు.

శంషాబాదులో విమానాశ్రయం 2008 మార్చిలో మొదలైంది. నాటినుంచి ఆ దారిన పోయే ప్రతి ఒక్కరికీ అలవాటైన దృశ్యం ఒకటుంది. పెద్ద పెద్ద సూట్‌కేసులు, వాటిలో ఆవకాయ జాడీలు, పై చదువులకు పోతున్న కుర్రకారు, కళ్ళు తుడుచుకుంటున్న తల్లులు. మర్నాటికల్లా బిడ్డ ఫోనులో కనిపిస్తాడు గనక ఆ కన్నీరు తొందరగానే ఆరిపోతుంది. వందేళ్ళ కిందట ఓడెక్కి వెళ్ళిన సుబ్బారావుగారి విషయంలో అలా జరగలేదు. ఆయన మళ్ళీ ఈ గడ్డమీద కాలు పెట్టలేదు. ఎందుకు వెళ్ళారు, ఏం సాధించారు, దానికి ఎవరెవరు ఏం మూల్యం చెల్లించారు అన్నది విద్యార్థులమైన మనం తెలుసుకోదగ్గ కథ.

సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథంగారు రెవెన్యూ శాఖలో చిరుద్యోగి, తల్లి వెంకమ్మగారు. సంసారం పెద్దది, సంపాదన చిన్నది. చదువుమీద ఈ అబ్బాయికి మొదట్లో బొత్తిగా మనసు లేదు. డబ్బు సంపాదిద్దామని కాశీకి పారిపోబోతే వెనక్కు పట్టుకొచ్చారు. రాజమండ్రిలో చదివినా మెట్రిక్యులేషన్ గట్టెక్కలేదు. చివరికి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి మూడో ప్రయత్నంలో పాసయ్యారు. సప్లిమెంటరీ పరీక్ష రాస్తూ తల దించుకునే మిత్రులు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకున్నా చాలు!

ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ అయ్యాక మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. సన్యాసం పుచ్చుకుని రామకృష్ణ మిషన్‌లో సేవ చేయాలన్న కోరిక ఒకవైపు, కుటుంబ భారం మరొకవైపు. స్నేహితులూ, అనపర్తికి చెందిన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారూ చదువుకు సాయం చేశారు. ఆ మూర్తిగారి అమ్మాయి శేషగిరినే 1919లో వివాహమాడారు.

ఆ రోజుల్లోనే ఇంటిమీద పిడుగు పడింది. కొద్ది కాలం తేడాలో సోదరులిద్దరు స్ప్రూ అనే జబ్బుతో కన్నుమూశారు. ఉష్ణమండల దేశాల్లో కనిపించే ఈ వ్యాధిలో చిన్నపేగు లోపలి పొర పాడైపోతుంది. తిన్నది ఒంటబట్టదు. జిడ్డు విరేచనాలు, నాలుక పూత, రక్తహీనత మొదలై, కంచంలో అన్నముండగానే మనిషి పస్తులున్నవాడిలా శుష్కించిపోతాడు. కొన్నాళ్ళకు అదే జబ్బు సుబ్బారావుగారినీ పట్టుకుంది. డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో బతికి బయటపడ్డారు. అన్నదమ్ములను మింగిన జబ్బు ఏమిటి? తిన్న తిండి శక్తిగా, రక్తంగా మారే దారిలో ఎక్కడ ఆటంకం వస్తోంది? ఈ ప్రశ్న ఆయన్ను జీవితాంతం వదల్లేదు.

వైద్య పట్టా విషయంలోనూ దెబ్బ తగిలింది. గాంధీగారి పిలుపు విని సర్జరీ క్లాసుకు ఖద్దరు దుస్తులు వేసుకు వెళ్ళడం ఆంగ్లేయుడైన ప్రొఫెసర్‌కు గిట్టలేదు. రాతపరీక్షలు బాగా రాసినా, పూర్తి ఎం.బి.బి.ఎస్. దక్కలేదు. తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. సర్టిఫికెట్ చేతికిచ్చారు. సర్కారు వైద్య ఉద్యోగమూ రాలేదు. అప్పుడు లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం పాఠాలు చెప్పారు. మన మందుల్లోని గుణాన్ని ఆధునిక శాస్త్రపద్ధతిలో తేల్చాలంటే ఇంకా చదవాలనిపించింది. కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ అండ దొరికింది, మామగారు మిగతా డబ్బు సమకూర్చారు. త్వరలో తిరిగి వస్తానని భార్యకు చెప్పి 1920ల తొలినాళ్ళలో బోస్టన్ చేరారు.

హార్వర్డులో 1924లో ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా వచ్చింది గానీ, ఆ పట్టాతో అక్కడ డాక్టరుగా పనిచేసే వీలు లేదు. పొట్టకూటికి ఆస్పత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు కడిగారు. పగలు ప్రయోగశాల. సైరస్ ఫిస్కే అనే ఆచార్యుడి దగ్గర జీవరసాయన పరిశోధనలో చేరారు.

ఇక్కడ మన బయోకెమిస్ట్రీ లెక్చరర్లకు బాగా తెలిసిన ఘట్టం వస్తుంది. రక్తంలోనూ, మూత్రంలోనూ భాస్వరం ఎంతుందో కొలవడానికి 1925లో ఈ ఇద్దరూ ఒక పద్ధతి ప్రకటించారు. మాలిబ్డేట్ కలిపి, తర్వాత క్షయకరణం చేస్తే ద్రవం నీలంగా మారుతుంది. నీలం ఎంత చిక్కనైతే భాస్వరం అంత ఎక్కువ. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అని మన రికార్డు పుస్తకాల్లో రాసుకునేది దీన్నే.

ఈ పద్ధతితో కండరాల ద్రవాన్ని పరీక్షిస్తుంటే ఒక వింత కనిపించింది. రంగు ఒక్కసారిగా తేలి ఆగిపోకుండా, నిమిషాలు గడిచేకొద్దీ చిక్కబడుతూ పోయింది. ఇంకొకరైతే ప్రయోగం పాడైందని సింకులో పారబోసేవారేమో! వీరు పారబోయలేదు. కండరంలో భాస్వరాన్ని వదులుగా పట్టుకున్న పదార్థమేదో ఉంది, అది ఆమ్లంలో మెల్లగా విడిపోతోంది, అందుకే రంగు పెరుగుతోంది అని తేల్చారు. అదే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో లోకానికి వెల్లడైంది. 1929లో కండరం, కాలేయాలలోని భాస్వర పదార్థాలపై సైన్స్ పత్రికలో రాసిన వ్యాసంలో ఏటీపీని వివరించారు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే ఏడాది స్వతంత్రంగా దాన్ని కనుగొన్నారు. మనం తిన్న ముద్ద కండబలంగా మారడానికి చెలామణీ అయ్యే నాణెం ఏటీపీ అని ఇవాళ ఇంటర్మీడియట్ పిల్లలు సైతం చెప్తారు. కండరం లాక్టిక్ ఆమ్లంవల్లే పనిచేస్తుందన్న అప్పటి సిద్ధాంతం కొద్ది ఏళ్ళలోనే తలకిందులైంది. 1930లో హార్వర్డు ఆయనకు పీహెచ్.డి. ఇచ్చింది.

అయితే ఆయన మనసంతా కాలేయంమీదే. అందుకు కారణముంది. రోజూ కార్జం తినిపిస్తే ప్రాణాంతకమైన పెర్నిషియస్ ఎనీమియా తగ్గుతుందని 1926లో మైనాట్, మర్ఫీ అనే బోస్టన్ డాక్టర్లు చూపించారు. విపుల్ అనే శాస్త్రజ్ఞుడితో పాటు వారికి 1934లో నోబెల్ బహుమతి వచ్చింది. కానీ రోజూ అంత కార్జం రోగి ఎలా మింగగలడు? అందులో పనిచేసే అసలు సరుకేమిటో విడదీయాలి. స్ప్రూ రోగుల్లోనూ రక్తహీనతే గదా! తాళంచెవి కాలేయంలోనే దొరకవచ్చునన్న ఆశతో ఆయన ఏళ్ళతరబడి కాలేయ సారాన్ని వడపోస్తూ కూర్చున్నారు.

హార్వర్డు మాత్రం ఆయనకు స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. తర్వాత నోబెల్ పొందిన జార్జి హిచింగ్స్ అప్పట్లో అక్కడే పనిచేశారు. సుబ్బారావు వేరుచేసిన కొన్ని పదార్థాలను ఫిస్కే వెలుగు చూడనివ్వలేదనీ, ఇతరులు వాటిని మళ్ళీ కనిపెట్టుకోవలసి వచ్చిందనీ హిచింగ్స్ ఆ మీదట చెప్పారు. సుబ్బారావుగారు తగవుకు దిగలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లే ప్రయోగశాలలకు మారి, పరిశోధనలకు అధిపతి అయ్యారు.

అక్కడి ఎనిమిదేళ్ళే ఆయన పంట చేతికొచ్చిన కాలం. గర్భిణుల రక్తహీనత ఈస్టు సారంతో తగ్గుతుందని లూసీ విల్స్ అనే వైద్యురాలు 1930ల మొదట్లో బొంబాయిలో కనుగొన్నారు. ఆ ఈస్టులో ఉన్న గుణమే ఆకుకూరల్లోనూ, కాలేయంలోనూ ఉంది. దానికే ఫోలిక్ ఆమ్లమని పేరు. సుబ్బారావుగారి బృందం 1945లో దాన్ని ప్రయోగశాలలో తయారు చేసింది. స్ప్రూ రోగులకు ఇస్తే రక్తం పట్టింది, ఆకలి పుట్టింది. సోదరులు పోయిన పాతికేళ్ళ పైచిలుకు తర్వాత వారి జబ్బుకు మందు దొరికింది! పెర్నిషియస్ ఎనీమియాను అరికట్టే అసలు పదార్థం, అంటే విటమిన్ బి12, మాత్రం ఆయనకు దక్కలేదు. 1948లో అమెరికా, ఇంగ్లండులలోని వేరే బృందాలు దాన్ని స్ఫటికరూపంలో సాధించాయి.

ఒక మందు ఇంకో మందుకు దారి తీసింది. ఫోలిక్ ఆమ్లం కణాలు పెరగడానికి కావాలి. మరి విచ్చలవిడిగా పెరిగే కాన్సర్ కణాలకు అది అందకుండా చేస్తే? అచ్చం దానిలాగే కనిపించి కణాన్ని ఏమార్చే అమినోప్టెరిన్ ఆ ప్రయోగశాలలోనే తయారైంది. బోస్టన్ డాక్టర్ సిడ్నీ ఫార్బర్ దాన్ని ల్యుకేమియా వచ్చిన పిల్లలకిచ్చారు. 16 మందిలో 10 మందికి కొంతకాలం నయమైందని 1948లో ప్రకటించారు. తాత్కాలికమే అయినా, అంతకుముందు ఆ మాత్రం ఆశకూడా లేదు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్‌ను కాన్సర్‌కూ, కీళ్ళవాతానికీ నేటికీ వాడుతున్నారు.

బోదకాలు మందు డైఇథైల్ కార్బమజైన్ కూడా 1947లో అక్కడినుంచే వచ్చింది. గోదావరి డెల్టాలో పుట్టినవారికి బోదకాలు అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. ఫైలేరియా నివారణ కార్యక్రమంలో ఇంటింటికీ తిరిగి మింగించే మాత్ర అదే. వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి తీసిన ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ మందులలో మొదటిది, సుబ్బారావుగారి నాయకత్వంలో పెరిగినదే. ఇవన్నీ ఆయనొక్కరే చేశారనడం పొరపాటు. దేనికి ఎవరిని కూర్చోబెట్టాలో, ఏ దారి తొక్కాలో చెప్పి, పేరు వాళ్ళకు వదిలేయడం ఆయన తీరు.

1948 ఆగస్టులో, 53 ఏళ్ళ వయసులో, నిద్రలోనే ఆయన గుండె ఆగిపోయింది. అమెరికా పౌరసత్వం కూడా తీసుకోలేదు. ఇక్కడ శేషగిరమ్మగారు ఎదురు చూస్తూనే ఉండిపోయారు. భర్త వెళ్ళాక పుట్టిన ఒక్కగానొక్క కొడుకు నెలల పసివాడుగానే ఏదో ఇన్‌ఫెక్షన్ సోకి పోయాడు. తండ్రి ఆ బిడ్డ ముఖమైనా చూడలేదు. ఇలాంటి పసివాళ్ళను కాపాడగల యాంటీబయాటిక్ మందుల్లో ఒకటి తర్వాత ఆ తండ్రి ప్రయోగశాల నుంచే వచ్చింది. ఆయన త్యాగాన్ని పొగిడే మనం, అడగకుండానే త్యాగం చేయించబడిన ఆ ఇల్లాలిని మరవడం న్యాయం కాదు.

ఒక శిలీంధ్ర ప్రజాతికి 1953లో సుబ్బరోమైసిస్ అని పేరు పెట్టారు. శతజయంతికి 1995లో మన తపాలా శాఖ స్టాంపు వేసింది. అంతటితో మన రుణం తీరిందా? తీరలేదనే నా మనవి. ఆయన్ను మార్కులతో కొలిచినవారు మెట్రిక్ తప్పినవాడన్నారు, పట్టాతో కొలిచినవారు ఎల్.ఎం.ఎస్. అన్నారు, పదవితో కొలిచినవారు ప్రొఫెసర్ కాడన్నారు. ఆ కొలబద్దలన్నీ తప్పాయి. ఆయన మాత్రం ఇంట్లో తగిలిన దెబ్బలోంచి పుట్టిన ప్రశ్నను ముప్పై ఏళ్ళు విడవలేదు.

మిత్రులారా! మన ఇళ్ళలోనూ ఇలాంటి ప్రశ్నలున్నాయి. మధుమేహంతో కాలు పోగొట్టుకున్న తాతయ్య, తాగి కాలేయం చెడగొట్టుకున్న బాబాయి, రక్తం లేక పాలిపోయిన అక్కయ్య. వీటిని తలరాత అనుకుని ఊరుకుంటే అంతే సంగతులు. ఎందుకిలా అని అడిగితే అక్కడే శాస్త్రం మొదలవుతుంది. ల్యాబులో అనుకున్న రంగు రాకపోతే, పారబోసే ముందు ఒక్క నిమిషం ఆగి చూడండి.