జనాభిప్రాయానికి కొలమానం: జార్జ్ గాలప్

సృష్టించినవాని కంటికి తన సృష్టి సదా సుందరంగానే కనిపిస్తుంది. కాకిపిల్ల కాకికి ముద్దు అన్న సామెత అందుకే పుట్టింది. కవి తన పద్యాన్ని ప్రేమించినట్లే, ప్రకటన తయారుచేసినవాడు తన ప్రకటనను ప్రేమిస్తాడు. నేడు కళాశాల విద్యార్థులు సెల్‌ఫోను సాయంతో అర నిమిషం, నిమిషం నిడివిగల ప్రచార చిత్రాలను తయారుచేస్తున్నారు. తీసిన చిత్రాన్ని మిత్రులకు చూపి ఎలా ఉందని అడుగుతారు. చాలా బాగుందని మిత్రులు మెచ్చుకుంటారు. ఆ మెప్పు మనసుకు హాయినిస్తుంది గాని చిత్రానికి మెరుగు పెట్టదు. మరి ఎవరిని అడగాలి? ఏమని అడగాలి? లభించిన సమాధానాన్ని ఏం చేసుకోవాలి? ఈ మూడు ప్రశ్నలకు తన జీవితాన్ని ధారపోసిన వ్యక్తి అమెరికా దేశస్థుడైన జార్జ్ హొరేస్ గాలప్. ఎన్నికల జోస్యాల సందర్భంలో ఆయన పేరు మన విద్యార్థులు వినే ఉంటారు. కాని ఆయన కృషికి అంకురార్పణ జరిగింది ఎన్నికలతో కాదు. పత్రికా పాఠకులతో, ప్రకటనలతో.

గాలప్ 1901 నవంబరు 18న అయోవా రాష్ట్రంలోని జెఫర్సన్ అనే చిన్న పట్టణంలో జన్మించాడు. బాల్యంలో ఇంటింటికీ పాలు పోసి సంపాదించిన సొమ్ముతో పాఠశాలలో ఒక పత్రికను నెలకొల్పాడు. అయోవా విశ్వవిద్యాలయంలో చదువుతూ అక్కడి విద్యార్థుల దినపత్రికకు సంపాదకత్వం వహించాడు. 1922 వేసవి సెలవులలో సెయింట్ లూయిస్ నగరంలో ఇల్లిల్లూ తిరిగి ఒక దినపత్రిక పాఠకులను ప్రశ్నించే పని ఆయనకు దొరికింది. పొట్టకూటికి చేపట్టిన ఆ పనే ఆయన జీవితగమనాన్ని నిర్ణయించింది.

పత్రికలో ఏమి చదువుతారని అడిగితే, సంపాదకీయాలు, ముఖ్య వార్తలు అని పాఠకులు గౌరవప్రదంగా సమాధానం చెప్పేవారు. వాస్తవం వేరని గాలప్ గ్రహించాడు. వారు అబద్ధమాడాలని ఆడినవారు కారు. మనిషి తాను ఉన్నట్లుగా గాక, ఉండదలచినట్లుగా జవాబు చెబుతాడు. ఇది మానవ స్వభావం. కనుక ప్రశ్ననే మార్చాలి. గాలప్ ఆ నాటి పత్రికను పాఠకుని ముందుంచి, పుట పుటా తిప్పుతూ, ఒక్కొక్క అంశాన్ని చూపి, చదివిన దాని మీద గుర్తు పెట్టించుకొనే పద్ధతిని రూపొందించాడు. పెద్దలు సైతం గంభీరమైన వార్తలకంటె చిత్రాలను, బొమ్మల కథలను ఎక్కువగా చూస్తున్నారని తేలింది. ఈ పద్ధతి పైననే పరిశోధన చేసి 1928లో డాక్టరేటు పొందాడు.

తరువాత డ్రేక్, నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయాలలో పత్రికా రచన బోధించాడు. ఆ రోజులలోనే పత్రికా ప్రకటనలను కూడా ఇదే తీరున పరీక్షించాడు. చౌక అనీ, పొదుపు అనీ చాటే ప్రకటనలు సంఖ్యలో అధికం. చదువరులను ఆకర్షించడంలో మాత్రం అవి వెనుకబడి ఉన్నాయి. ప్రకటనకర్తలు తమకు తోచినది చెబుతున్నారే తప్ప, ఎదుటివాని మనసు తట్టేది చెప్పడం లేదని దీని సారాంశం. ఈ పరిశోధన యంగ్ అండ్ రూబికాం అనే ప్రసిద్ధ ప్రకటనల సంస్థ దృష్టిలో పడింది. 1932లో గాలప్ న్యూయార్క్ వెళ్లి ఆ సంస్థలో పరిశోధన శాఖను నిర్వహించసాగాడు.

1935లో ప్రజాభిప్రాయ సేకరణకు ఒక సంస్థను స్థాపించాడు. మరుసటి ఏడు అధ్యక్ష ఎన్నికలు వచ్చాయి. లిటరరీ డైజెస్ట్ అనే వారపత్రిక కోటి మందికి అభిప్రాయ పత్రాలు పంపి, 20 లక్షలకు పైగా సమాధానాలు రాబట్టి, లాండన్ గెలుస్తాడని ప్రకటించింది. అంతకంటె ఎంతో తక్కువ మందిని ప్రశ్నించిన గాలప్ రూజ్‌వెల్ట్ గెలుస్తాడన్నాడు. 48 రాష్ట్రాలలో 46 రూజ్‌వెల్ట్ గెలుచుకున్నాడు. అన్నం ఉడికినదీ లేనిదీ తెలియడానికి ఒక్క మెతుకు చాలునంటారు. కాని గిన్నె అంతా కలిపి తీసిన మెతుకు అయి ఉండాలి. డైజెస్ట్ చిరునామాలు చాలవరకు టెలిఫోనులు, కార్లు కలవారివి. ఆ ఆర్థిక మాంద్యపు దినాలలో పేదవాని గొంతు ఆ లెక్కకు అందలేదు. ఎందరిని అడిగామన్నది కాదు, ఎవరిని అడిగామన్నది ముఖ్యమని లోకానికి తెలిసివచ్చింది.

1940 ప్రాంతంలో గాలప్ దృష్టి చలనచిత్రాల వైపు మళ్లింది. హాలీవుడ్ నిర్మాతల కోసం ప్రేక్షక పరిశోధన సంస్థను నెలకొల్పాడు. తరువాతి కాలంలో ప్రకటనల రంగంలో పేరుమోసిన డేవిడ్ ఓగిల్వీ అప్పుడు ఆయన సహాయకుడు. చిత్రం తీయకముందే పేరును, కథాసంగ్రహాన్ని జనానికి వినిపించి చూడాలన్న కోరిక ఎంత ఉందో లెక్కగట్టేవారు. పూర్తయిన చిత్రాన్ని ముందుగా కొందరికి ప్రదర్శించి, ఒక్కొక్కరి చేతికి ఒక మీట ఇచ్చేవారు. నచ్చినప్పుడు ఒక ప్రక్కకు, విసుగు పుట్టినప్పుడు మరొక ప్రక్కకు దానిని త్రిప్పాలి. ఏ సన్నివేశం వద్ద ఆసక్తి సడలినదో దీనివల్ల తెలిసేది.

ఈ విధానం కొందరు రచయితలకు రుచించలేదు. కళను జనం లెక్కలకు లొంగదీయడం తగునా అన్నది వారి ఆవేదన. ఆ ప్రశ్నను త్రోసిపుచ్చలేము. అయితే రోగి తన నొప్పి ఎక్కడ ఉన్నదో చెబుతాడు. మందు నిర్ణయించేవాడు హకీమే. ప్రేక్షకుడు విసుగు కలిగిన చోటును చూపగలడు. అక్కడ ఏమి చేయాలో నిర్ణయించే బాధ్యత, స్వేచ్ఛ కళాకారునివే.

1948లో గాలప్‌కు అగ్నిపరీక్ష ఎదురైంది. అధ్యక్ష పదవికి డ్యూయీ గెలుస్తాడని ఆయన సంస్థ ప్రకటించగా, ట్రూమన్ గెలిచాడు. దేశమంతా నవ్వింది. గాలప్ ప్రజలను నిందించలేదు, పనిని విడిచిపెట్టలేదు. పోలింగుకు ఎన్నో రోజుల ముందే ప్రశ్నించడం ఆపివేయడం ఒక లోపం. ఎవరిని ప్రశ్నించాలో ఎంచుకునే వెసులుబాటు ఉద్యోగులకు వదలివేయడం మరొక లోపం. ఈ రెంటినీ గుర్తించి, చివరి దినాల వరకు అభిప్రాయాలు సేకరించే ఏర్పాటు చేసి, మనుషులను యాదృచ్ఛికంగా ఎంపికచేసే శాస్త్రీయ పద్ధతికి మారాడు. ఇతరుల తప్పులను లెక్కించినవాడు తన తప్పును కూడా అదే కొలతతో కొలుచుకున్నాడు. నా దృష్టిలో 1936 నాటి విజయంకంటె ఇదే గొప్పది.

అదే సంవత్సరం క్లాడ్ రాబిన్‌సన్‌తో కలిసి ప్రకటనల పరీక్షకు మరొక సంస్థ ప్రారంభించాడు. అక్కడి పద్ధతి సులభమైనది. పత్రిక చదివినవారిని మరునాడు కలుసుకొని, పత్రికను మూసి ఉంచి, వస్తువుల పేర్లు మాత్రం చూపి, ఆ ప్రకటనలో ఏమున్నదో చెప్పమనేవారు. బాగున్నదా అన్న ప్రశ్న కాదు. ఏమి మిగిలినదన్నది ప్రశ్న.

గాలప్ ప్రభావం మన దేశం వరకు విస్తరించింది. 1950 దశకంలో ఢిల్లీలో ఎరిక్ డా కోస్టా ప్రజాభిప్రాయ సంస్థను నెలకొల్పి, భారతదేశంలో ఈ విద్యకు ఆద్యుడయ్యాడు. గాలప్ 1984 జూలై 26న స్విట్జర్లాండ్‌లో గుండెపోటుతో కన్నుమూశాడు.

విద్యార్థి మిత్రులు ఈ జీవితం నుండి గ్రహించదగినవి కొన్ని ఉన్నాయి. మీ ప్రచార చిత్రాన్ని మిత్రులకే గాక, అది ఎవరి కోసమో వారికి చూపండి. గృహిణుల కోసం తీసినది గృహిణులకు, దుకాణదారుల కోసం తీసినది దుకాణదారులకు. ఉర్దూ మాట్లాడే ఇంటిలో ఉర్దూలోనే అడగండి. పరాయి భాషలో అడిగితే మర్యాద వస్తుంది గాని మనసు రాదు. ఒక్కసారి చూపి, కొంతసేపు ఇతర విషయాలు మాట్లాడి, వస్తువు పేరేమిటో, ఏ దృశ్యం గుర్తున్నదో అడగండి. చూస్తున్నప్పుడు వారి కళ్లు తెర వదలి ఎప్పుడు ప్రక్కకు మళ్లాయో గమనించండి. ఒక్కరు చెప్పినది అభిరుచి కావచ్చు. పదిమంది ఒకే చోట తడబడితే అది చిత్రంలోని లోపం. దిద్దిన తరువాత మళ్లీ చూపండి, ఈసారి కొత్తవారికి.

వార్షికోత్సవ వేదికపై బహుమతి నిర్ణయానికి ముందే ఇటువంటి ప్రదర్శన ఒకటి ఏర్పాటు చేయడం గురించి కళాశాల కమిటీ పెద్దలు కూడా ఆలోచించవచ్చు. మెప్పు కోసం అడగడం సులభం. నేర్చుకోవడం కోసం అడగడానికి వినయం కావాలి, విన్నదానిని బట్టి తన పనిని దిద్దుకోవడానికి ధైర్యం కావాలి. పాలు పోసిన కుర్రవాడు ప్రపంచ ప్రసిద్ధుడు కావడానికి మూలధనం ఈ రెండే.