భీమవరం డాక్టరు గారు, బాక్టీరియా గోడ

మా నూజివీడు తోటలో మామిడి అంటు పట్టిందో లేదో చిగురు చూస్తే తెలిసిపోతుంది. బాక్టీరియాలోకి పరాయి డీఎన్ఏ ఎక్కిందో లేదో ఎలా తెలుస్తుంది? అసలు లోపలికి పోవాలంటే గోడ అడ్డం. కాల్షియం క్లోరైడ్‌లో వేసి ఐసులో చల్లబరిచి, ఒక్కసారి వేడి తగిలించినా ఎక్కేది ఏ కొద్దిటికో. వాటిని ఏరడానికి దారి చూపిన మందు వెనక మా పక్క జిల్లా మనిషి ఉన్నారు.

యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. అన్నదమ్ములిద్దరు స్ప్రూ జబ్బుతో పోయారు. ఖద్దరు కట్టినందుకు మద్రాసులో ఎంబీబీఎస్ బదులు చిన్న డిగ్రీ ఇచ్చారంటారు. 1923లో అమెరికా వెళ్లి, హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి ఏటీపీని పట్టుకున్నారు. అయినా అక్కడ పర్మనెంట్ ఉద్యోగం రాలేదు! లెడర్లీ కంపెనీకి మారాక ఆయన టీమ్ ఫోలిక్ ఆసిడ్ తయారుచేసింది. అది స్ప్రూకి పనిచేసింది. నాకైతే ఏటీపీ కన్నా ఇదే పెద్దది.

ఆయన నడిపిన పరిశోధనలోనే డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే మొదటిది. 1948లో అది బయటికొచ్చింది, ఆ ఆగస్టులోనే ఆయన పోయారు. 53 ఏళ్లు.

1973లో కోహెన్, బోయర్ జట్టు టెట్రాసైక్లిన్‌ని తట్టుకునే జీన్ ఉన్న ప్లాస్మిడ్‌కి పరాయి డీఎన్ఏ అతికించి పంపింది. మందు కలిపిన ప్లేట్ మీద ప్లాస్మిడ్ ఎక్కనివి పెరగలేదు. ఎక్కినవి చుక్కలు చుక్కలుగా లేచాయి.