ఆరు చుక్కల దాత లూయీ బ్రెయిల్

బెంగుళూరు చిక్కపేట, మామూల్‌పేట ప్రాంతములలో వర్తక భవనములు పలు అంతస్తులుగా లేచియున్నవి. ఏ అంతస్తులో ఏ దుకాణమున్నదో తెలుపు పెద్ద బోర్డు ద్వారము ప్రక్కన ఉండును. చూపున్నవారు నిమిషములో చదువుకొని మెట్లెక్కుదురు. చూపు లేనివారు ఆ బోర్డు ముందు నిలిచి దారిన పోవువారిని అడుగవలసినదే. అట్టి బోర్డును వ్రేళ్లతో చదువుకొను మార్గమును లోకమునకు ఇచ్చిన మహనీయుడు లూయీ బ్రెయిల్. ఆయన చరిత్ర వర్తక కుటుంబములవారు తెలిసికొనదగినది.

బ్రెయిల్ 1809వ సంవత్సరము జనవరి 4వ తేదీన ఫ్రాన్సు దేశములో పారిస్ నగరమునకు సమీపముననున్న కూవ్రే గ్రామములో జన్మించెను. తండ్రి గుర్రపు జీనులు, పట్టీలు తోలుతో కుట్టు పనివాడు. మూడేండ్ల వయసులో బాలుడు తండ్రి దుకాణములో ఆడుకొనుచు, తోలు గ్రుచ్చు మొనగల పనిముట్టును చేతబట్టగా అది జారి కంటిలో దిగెను. పుండు రెండవ కంటికి కూడ ప్రాకెను. ఐదేండ్లు వచ్చునప్పటికి చూపు పూర్తిగా పోయెను. అయినను తలిదండ్రులు అతనిని మూలను కూర్చుండబెట్టలేదు. గ్రామ బడిలో మిగిలిన పిల్లల సరసనే చదివించిరి.

1819లో, పదేండ్ల వయసున, అతడు పారిస్ లోని అంధబాలుర పాఠశాలలో చేరెను. ఆ పాఠశాలను స్థాపించిన వాలెంటిన్ హావీ దయాశీలుడు. కాగితముపై మామూలు అక్షరములనే ఉబ్బెత్తుగా అచ్చొత్తించి పిల్లలచేత తడిమించి చదివించు పద్ధతిని ఆయన ఏర్పరచెను. కాని ఆ అక్షరములు కంటికి అలవాటైన రూపములే గాని వ్రేలికి అనువైనవి కావు. ఒక్కొక్క అక్షరము చుట్టును వ్రేలు త్రిప్పి గుర్తుపట్టవలెను. పుస్తకములు బరువు, వెల ఎక్కువ, సంఖ్య తక్కువ. పైగా పిల్లలు వాటితో చదువగలరే గాని తమంతట తాము వ్రాసికొనలేరు.

1821లో షార్ల్ బార్బియే అను మాజీ సైనికోద్యోగి పాఠశాలకు మరియొక పద్ధతిని తెచ్చెను. అందులో అక్షరములకు బదులు చుక్కలు. ఇది మేలైనదే, కాని ఒక్కొక్క గుర్తుకు పండ్రెండు చుక్కల వరకు ఉండెను. వ్రేలికొన క్రింద అన్నియు ఒకేసారి ఇమడలేదు. బాలుడైన బ్రెయిల్ ఆ లోపమును గ్రహించి, పగలు పాఠములు ముగిసిన పిదప రాత్రులందును, సెలవులకు ఇంటికి వచ్చినప్పుడును చుక్కలు పొడిచి తడిమి చూచుచు శ్రమించెను. 1824 నాటికి, పదునైదేండ్ల ప్రాయముననే, పండ్రెండు చుక్కలను ఆరింటికి తగ్గించెను. నిలువున మూడేసి చొప్పున రెండు వరుసలు. ఈ ఆరింటితో అరువదిమూడు గుర్తులు ఏర్పడును. అన్నియు వ్రేలికొనకు ఒక్క స్పర్శలో అందును. కన్ను తీసినదియు మొనగల పనిముట్టే, అక్షరమిచ్చినదియు అట్టిదే.

1829లో ఆయన తన పద్ధతిని పుస్తకముగా వెలువరించెను. ఆ పాఠశాలలోనే ఉపాధ్యాయుడై, పారిస్ చర్చిలలో ఆర్గన్ వాయించి పేరు పొందెను. విద్యార్థులు ఆరు చుక్కలను ఆత్రముతో నేర్చుకొనిరి. కాని చూపున్న పెద్దలకు అది నచ్చలేదు. తాము చదువలేని లిపి తమ పాఠశాలలో ఏలయని వారి అభ్యంతరము. 1840 ప్రాంతమున పాఠశాలాధిపతి దానిని నిషేధించెను. పిల్లలు చాటుగా వ్రాసికొనుట మానలేదు. తుదకు 1844లో, పాఠశాల క్రొత్త భవన ప్రారంభోత్సవమున, ఆ లిపిని అందరి యెదుట పరీక్షించి చూపగా దాని విలువ వెల్లడి యయ్యెను.

పెద్దలపై బ్రెయిల్ కోపము పెంచుకొనలేదు. చూపు లేనివారు వ్రాసినది చూపున్నవారు కూడ చదువునట్లు, మామూలు అక్షరముల రూపములనే చుక్కలతో వ్రాయు పద్ధతినొకదానిని 1839లోనే ప్రకటించెను.

ఆయన జీతము స్వల్పము, చేయి మాత్రము పెద్దది. క్షయవ్యాధితో చిరకాలము బాధపడి 1852 జనవరి 6వ తేదీన, నలుబదిమూడేండ్ల వయసున కన్నుమూసెను. ఆయన విడిచిన వస్తువులలో తెరువక కాల్చివేయవలెనని వ్రాసియున్న చిన్న పెట్టె యొకటి కనబడెను. మిత్రులు తెరచి చూడగా అందులో విద్యార్థులు ఆయనవద్ద తీసికొనిన అప్పుల పత్రములుండెను. ఖాతా వ్రాసికొనువారికి ఈ పెట్టె విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

మరణించిన రెండేండ్లకు, 1854లో, ఫ్రాన్సు ఆ లిపిని అధికారముగా అంగీకరించెను. 1952లో ఆయన అస్థికలను పారిస్ లో జాతీయ మహాపురుషులు విశ్రమించు పాంథియాన్‌కు తరలించిరి. చేతుల అస్థికలను మాత్రము కూవ్రేలోనే ఉంచిరి.

మన దేశమున వేర్వేరు ప్రాంతముల బ్రెయిల్ లిపులు వేర్వేరుగా ఉండగా, 1951లో వాటిని ఏకము చేసి భారతీ బ్రెయిల్ ఏర్పరచిరి. ఇందు ఒకే ధ్వనికి అన్ని భాషలయందును ఒకే గుర్తు. తెలుగు కకారమైనను, కన్నడ కకారమైనను ఎడమ వరుసలోని పై చుక్క, క్రింది చుక్కయే. జైన అను మాట జ, ఐ, న అను మూడు గుర్తులతో ముగియును. రెండు భాషలవారును కలిసి వ్యాపారము చేయు బెంగుళూరు వంటి నగరమున, కంటికి వేరైన రెండు లిపులు వ్రేలికి ఒక్కటే యగుట గొప్ప సౌకర్యము. 2009లో బ్రెయిల్ ద్విశత జయంతికి భారత ప్రభుత్వము రెండు రూపాయల స్మారక నాణెమును విడుదల చేసెను.

దివ్యాంగుల హక్కుల చట్టము 2016లో వచ్చిన పిదప ప్రజలు వచ్చిపోవు భవనములలో ఇట్టి బోర్డుల ఆవశ్యకత హెచ్చినది. వీటి తయారీ కష్టమైనది కాదు. ఒక పద్ధతిలో అక్రిలిక్ పలకకు సన్నని రంధ్రములు తొలిచి, వాటిలో చిన్న గుండ్లు దిగవేయుదురు. చుక్కకు చుక్కకు దాదాపు రెండున్నర మిల్లీమీటర్లు, గుర్తుకు గుర్తుకు దాదాపు ఆరు మిల్లీమీటర్ల దూరముండవలెను. అందముకొరకు పెద్దవి చేసినచో బార్బియే చుక్కలవలె వ్రేలికి అందవు. నేలనుండి సుమారు నాలుగు అడుగులకు పైన, ఐదు అడుగులకు లోపల, ప్రతి అంతస్తులోను ఒకే చోట బిగింపవలెను. తలకు మించిన ఎత్తున కట్టిన బోర్డు ఎంత ఖర్చు పెట్టినను చేతికి అందదు. పైన ఉబ్బెత్తు అక్షరములు, క్రింద చుక్కలు ఉన్నచో ఇరువురికిని ఒకే బోర్డు చాలును.

తలక్రిందులుగా బిగించిన బోర్డును చూపున్న యజమాని గుర్తింపలేడు. హావీ అక్షరములు కంటిని మెప్పించి వ్రేలికి కొఱగాకపోయెను. బ్రెయిల్ చుక్కలు ఆ వ్రేలి క్రిందనే పుట్టినవి గనుక నిలిచినవి. అందుచేత బోర్డుకు మేకు కొట్టుటకు ముందు, బ్రెయిల్ చదువనేర్చిన వారినొకరిని పిలిచి, వారిచేత తడిమించి, వారు సరియనిన పిదపనే గోడకు బిగించుట ఉత్తమము. భవనము కట్టువారికి అది గంట పని. వచ్చువారికి ఇతరులను అడుగక తమ దారి తాము చూచుకొను స్వాతంత్ర్యము.