ప్లీడరు నుండి బారిష్టరు వరకు

గౌతమీ వసిష్ఠ పాయల నడుమ విలసిల్లే కోనసీమ ఆనాడు గోదావరి జిల్లాలో అంతర్భాగం. అమలాపురం మునసబు కోర్టు తీర్పులపై అప్పీళ్లు రాజమహేంద్రవరంలోని జిల్లా కోర్టుకు చేరేవి. పందొమ్మిదో శతాబ్ది చివరి దశకంలో ఆ పట్టణంలో ప్లీడరుగా పేరుగాంచిన యువకుడే టంగుటూరి ప్రకాశం పంతులు.

ఆయన 1872 ఆగస్టు 23న నేటి ప్రకాశం జిల్లాలోని వినోదరాయునిపాలెంలో జన్మించారు. తల్లిదండ్రులు సుబ్బమ్మ, గోపాలకృష్ణయ్య. బాల్యంలోనే తండ్రి మరణించగా, తల్లి ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లలను పోషించింది. ఒకసారి పరీక్ష రుసుము మూడు రూపాయలు ఎక్కడా పుట్టకపోతే ఆమె తన పట్టుచీరను తాకట్టు పెట్టింది. ఉపాధ్యాయుడు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు ఆ బాలుని ప్రతిభను గుర్తించి రాజమహేంద్రవరానికి వెంటబెట్టుకొని వెళ్లి చదివించారు.

అనంతరం ప్రకాశం చెన్నపట్నంలో న్యాయశాస్త్రం అభ్యసించి, సెకండు గ్రేడు ప్లీడరు పరీక్షలో ఉత్తీర్ణులయ్యారు. వృత్తిలో ధనమూ కీర్తీ లభించాయి. పురపాలక సంఘాధ్యక్ష పదవి కూడ వరించింది. అయినా ఒక కొరత మిగిలింది. ఎంతటి వాదనాపటిమ ఉన్నా ఆ పట్టాతో హైకోర్టులో వాదించే అర్హత లేదు. వ్యాజ్యం పనిమీద చెన్నపట్నం వెళ్లినప్పుడు, ఆయన ప్రజ్ఞను గమనించిన ఒక బారిష్టరు ఇంగ్లండు వెళ్లి చదవమని ప్రోత్సహించారు.

సముద్రయానం పాపమని లోకులు తలచే కాలమది. మద్యమాంసాలు, ధూమపానం ముట్టనని తల్లికి మాట ఇచ్చి, సంపాదనను విడిచి, 1904లో ప్రకాశం లండనుకు పయనమయ్యారు.

ఇంగ్లండులో న్యాయవాద వృత్తి రెండు శాఖలు. కక్షిదారుతో వ్యవహరించి పత్రాలు సిద్ధపరచేవాడు సొలిసిటరు. ఉన్నత న్యాయస్థానంలో వాదించేవాడు బారిష్టరు. బారిష్టరు కాగోరేవారు 'ఇన్' అనే న్యాయవిద్యా సంస్థలో చేరాలి. ఆనాడు రోమను న్యాయం, రాజ్యాంగ న్యాయం మొదలైన విషయాలలో పరీక్షలు నెగ్గడమే కాక, నిర్ణీత పర్యాయాలు అక్కడి భోజనశాలలో సహపంక్తి భోజనం చేయడమూ నియమంగా ఉండేది. మాట ఇచ్చి వచ్చిన ప్రకాశానికి ఆ విందులు కూడ ఒక పరీక్షే! ఆయన వ్రతభంగం లేకుండ విద్య ముగించి, ప్రతిభా ప్రశంసాపత్రం సైతం పొందారు. లండనులో దాదాభాయి నౌరోజీ ఎన్నిక కోసం కూడ పనిచేశారు.

1907లో తిరిగివచ్చి మద్రాసు హైకోర్టులో ప్రవేశించిన ప్రకాశం అచిరకాలంలోనే అగ్రశ్రేణి న్యాయవాదిగా వెలుగొందారు. ఇంత శ్రమతో అధిరోహించిన ఆ వృత్తిని గాంధీజీ పిలుపు మేరకు 1921లో తృణప్రాయంగా త్యజించారు. ఆర్జించిన సంపదను 'స్వరాజ్య' పత్రికకు ధారపోశారు. 1928లో సైమన్ కమిషన్ రాకను నిరసిస్తూ చెన్నపట్నంలో తుపాకులకు ఎదురుగా రొమ్ము చూపి 'ఆంధ్రకేసరి'గా ప్రసిద్ధికెక్కారు. 1946లో మద్రాసు రాష్ట్ర ప్రధానిగా, 1953లో ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రిగా సేవలందించి, 1957 మే 20న దివంగతులయ్యారు.

తల్లి పట్టుచీరతో మొదలైన ఆ విద్య ఆయనకు సంపదనిచ్చింది. ఆయన ఆ సంపదను దేశానికిచ్చారు.