వెయ్యిసార్లు నడిచినా నమ్మని మనిషి

సెమాఫోర్, డెడ్‌లాక్, క్రిటికల్ సెక్షన్... ఆపరేటింగ్ సిస్టమ్స్ పరీక్షకి ఇవన్నీ బట్టీ పట్టే ఉంటారు. వాటి వెనకున్న మనిషి గురించి ఎవరైనా చెప్పారా? ఆయన పేరు ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా. అవును, షార్టెస్ట్ పాత్ అల్గారిథమ్ ఆయనే!

1930లో నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో పుట్టారు. లైడెన్ యూనివర్సిటీలో చదువుకుంటూనే 1952లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని మ్యాథమెటికల్ సెంటర్‌లో ప్రోగ్రామర్‌గా చేరారు. అదీ ఒక ఉద్యోగమేనని అప్పట్లో ఎవరూ అనుకోలేదు. 1957లో పెళ్లి రిజిస్టర్ చేయించుకునేటప్పుడు వృత్తి ప్రోగ్రామర్ అంటే అధికారులు ఒప్పుకోలేదు. చివరికి థియరిటికల్ ఫిజిసిస్ట్ అని రాయించారు. మీరేం పని చేస్తారో బంధువులకి అర్థం కావట్లేదా? దిగులుపడకండి, ఆయనకీ తప్పలేదు.

ఆ రోజుల్లోనే ఎక్స్1 అనే కంప్యూటర్‌కి సాఫ్ట్‌వేర్ రాసే పని ఆయనకొచ్చింది. అందులో ఇంటరప్ట్ అనే కొత్త సదుపాయం ఉంది. నడుస్తున్న ప్రోగ్రామ్‌ని ఏ క్షణంలోనైనా ఆపి ఇంకో పని మొదలెట్టేస్తుంది. ఆయన భయమంతా అక్కడే. తప్పు ఒకసారి కనిపించి, మళ్లీ కావాలన్నా కనిపించకపోతే ఎలా పట్టుకోవాలి? 1959లో ఆయన డాక్టరేట్ థీసిస్ కూడా ఈ సమస్య చుట్టూనే సాగింది.

ఒక లెక్క 5 దగ్గర ఉందనుకోండి. రెండు ప్రాసెసర్లు ఒకేసారి 5 చదివి, ఒకటి కలిపి, రెండూ 6 అని రాస్తాయి. 7 రావాలి కదా! ఒక లెక్క గల్లంతైంది. అంటే ఒకరు లోపలుండగా రెండోవారు రాకూడదు. ఇద్దరి మధ్య ఈ సమస్యని డెకర్ అనే డచ్ గణితవేత్త పరిష్కరించారు. ఎంతమందికైనా పనికొచ్చే పరిష్కారాన్ని 1965లో డైక్‌స్ట్రా ప్రచురించారు. మామూలు చదవడం, రాయడం తప్ప మెమరీ నుంచి ఆయన ఇంకేం అడగలేదు. వంతు వచ్చేదాకా లూప్‌లో తిరుగుతూ చూస్తుండాలి. నేటి కెర్నల్‌లోని స్పిన్ లాక్ చేసేదీ ఈ తిరగడమే.

హాస్టల్ బాత్‌రూమ్‌తో పోల్చి చూడండి. తలుపు దగ్గరే నిలబడి తడుతూ ఉంటే స్పిన్ లాక్. ఖాళీ అయ్యాక లేపమని చెప్పి పడుకుంటే సెమాఫోర్. ఈ రెండో పద్ధతి కూడా డైక్‌స్ట్రాదే. లోపలివాళ్లు క్షణంలో వచ్చేస్తారంటే మొదటిది మేలు, ఆలస్యమైతే రెండోది.

మరి ఖాళీ ఉందని చూసి, గడియ పెట్టేలోపు ఇంకొకరు దూరితే? చూడటం, గడియ పెట్టడం ఒకే దెబ్బలో జరగాలి. ఇప్పటి ప్రాసెసర్లు అందుకు ప్రత్యేక ఇన్‌స్ట్రక్షన్ ఇస్తాయి. x86లో అది ఎక్స్‌ఛేంజ్. లాక్‌లో 1 పెట్టి పాత విలువ తెస్తుంది. 0 వస్తే లాక్ మీదే. 1 వస్తే మళ్లీ తిరగాలి.

కెర్నల్ రాసేవాళ్లకి ఇంకో గండం ఉంది. మీ కోడ్ లాక్ పట్టుకుని ఉండగా అదే ప్రాసెసర్ మీద ఇంటరప్ట్ వచ్చి, దాని హ్యాండ్లర్ కూడా అదే లాక్ అడిగిందనుకోండి. హ్యాండ్లర్ తిరుగుతూనే ఉంటుంది, మీ కోడ్ కదలదు. మెషీన్ బిగుసుకుపోతుంది. అందుకే అలాంటి లాక్ పట్టుకునే ముందు ఆ ప్రాసెసర్‌లో ఇంటరప్ట్‌లు ఆపేయాలి. పట్టుకున్నాక నిద్రపోకూడదు. చూశారా, ఎక్స్1 దగ్గర ఆయనకి పట్టుకున్న భయం ఇవాళ్టికీ పోలేదు!

ఫైనలియర్‌లో నా ప్రాజెక్ట్ ల్యాప్‌టాప్‌లో బ్రహ్మాండంగా నడిచేది. సరిగ్గా డెమో రోజే ఆగిపోయింది. ఒక లాక్ మర్చిపోయాను. ఇంకా ఎన్నిసార్లు నడిపి చూసుకున్నా అది దొరికేదని నాకు నమ్మకం లేదు. నడిపి చూస్తే తప్పు ఉందని తెలుస్తుందేమో కానీ, లేదని తేలదు. డైక్‌స్ట్రా జీవితాంతం పట్టుబట్టిన మాట ఇదే. కోడ్ ఎందుకు సరైనదో ముందు వాదించుకుని, తర్వాతే రాయాలన్నారు.

1972లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది. 1984 నుంచి ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పారు. 1,300కి పైగా నోట్స్ రాశారు, ఎక్కువ భాగం పెన్నుతోనే. 2002లో కన్నుమూశారు.

రేపు ఇంటర్వ్యూలో స్పిన్ లాక్‌కీ సెమాఫోర్‌కీ తేడా అడిగితే నిర్వచనం అప్పజెప్పకండి. ఎప్పుడు ఏది, ఎందుకు అన్నది చెప్పండి. లైనక్స్‌లో సెమాఫోర్ లోపల ఒక చిన్న స్పిన్ లాకే కాపలా కాస్తుందని కూడా చెప్పండి. అక్కడిదాకా వెళ్లి చూశారంటే, సగం పని నేర్చుకున్నట్టే.