డోర్నకల్ అజరయ్య

గవర్నరుపేటకు దాపుననే యున్న విజయవాడ స్టేషనులో కాజీపేట వైపు పోవు బండి యెక్కినవారికి, ఖమ్మము దాటిన పిదప డోర్నకల్ జంక్షను తగులును. బొగ్గుగనులకు పోవు శాఖామార్గము చీలెడి చోటుగానే పెక్కుమంది ఆ యూరి నెరుగుదురు. ఒకప్పుడు నిజాము రాజ్యములో మారుమూల పల్లెయైన ఆ యూరి పేరు ఇంగ్లండు, అమెరికాలలో సయితము వినవచ్చునట్లు చేసినవాడు తెలుగువాడు కాడు. తిరునల్వేలి సీమనుండి వచ్చిన తమిళుడు, వేదనాయకము శామ్యూల్ అజరయ్య.

అజరయ్య 1874 ఆగస్టు 17వ తేదీన వెళ్ళాళన్‌విళై గ్రామమున జన్మించెను. తండ్రి తామస్ వేదనాయకము ఆ గ్రామపు క్రైస్తవ గురువు. నాడారు కులమునుండి వచ్చి ఇంగ్లండు దేశపు ఆంగ్లికన్ సంఘమున చేరిన కుటుంబము వారిది. అజరయ్యకు పదునైదేండ్లయినను నిండకమునుపో, నిండిన వెంటనేనో తండ్రి గతించెను. తల్లి పెంపకమున పెరిగి, మద్రాసు క్రైస్తవ కళాశాలలో గణితశాస్త్రము చదివెను. తుది పరీక్ష సమయమునకు జబ్బుపడుటచే పట్టము చేతికి రాలేదు. బి.ఏ. లేని యీ మనుష్యునకే 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము గౌరవ డాక్టరు పట్టము నొసగినది. పరీక్షల కాలమున దిగులుపడు విద్యార్థులకు ఈ ముచ్చట చెప్పదగినది.

చదువు ముగిసినంతనే, 1895లో, ఆయన క్రైస్తవ యువజన సంఘమున కార్యదర్శిగా చేరెను. వై.ఎం.సి.ఎ. అని జను లెరిగిన సంఘమిదియే. 1844లో లండను నగరపు బట్టలకొట్టులో పనిచేయుచుండిన జార్జి విలియమ్స్ అను యువకుడు, పల్లెలనుండి పొట్టకూటికై వచ్చి పట్టణములో దిక్కుతోచక తిరుగు తనవంటి కుర్రవాండ్రకొరకు దీనిని నెలకొల్పెను. ఇది గురువుల సంఘము కాదు. గృహస్థులైన పురుషులు తమ తీరికవేళల తోటివారికి చేయు సేవకు ఏర్పడినది. పఠనాలయములు, వసతిగృహములు, ఆటస్థలములు దాని పనిముట్లు. మద్రాసులో ఈ సంఘము 1890లో వెలసినది. అజరయ్య పదునాలుగేండ్లు దీని పనిమీద దక్షిణదేశమంతయు తిరిగెను. కళాశాలలో ఆయనకు చెలికాడైన కె. టి. పాల్ 1916లో ఈ సంఘమునకు అఖిల భారత ప్రధాన కార్యదర్శియయ్యెను. ఆ పదవి నలంకరించిన మొదటి భారతీయుడు ఆయనయే.

1902లో అజరయ్య అమెరికా మిత్రుడైన షెర్వుడ్ ఎడ్డీతో కూడ యాళ్పాణము వెళ్లెను. అచ్చటి తమిళ క్రైస్తవులు తమ సొంత సొమ్ముతో పనివారిని భారతదేశమునకు పంపుచుండుట చూచి సిగ్గుపడెను. తిరునల్వేలిలో క్రైస్తవమతము వేళ్లూని ఎన్నో తరములు గడచినను, అచ్చటివారు ఇంకను తెల్లదొరల ధనముపైననే ఆధారపడి యుండిరి. మరుసటి యేడు, 1903 ఫిబ్రవరి 12న, తిరునల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టినది. మనుష్యులు మనవారే, ధనము మనదే, పెత్తనము మనదే యనునది దాని కట్టుబాటు. 1905 క్రిస్మసునాడు శ్రీరామపురమున కేరీదొర గ్రంథాలయములో నెలకొనిన నేషనల్ మిషనరీ సొసైటీ కూడ ఈ కట్టుబాటునే తలదాల్చినది. వంగదేశమున స్వదేశీ వస్తువ్రతము పట్టిన యేడే ఇదియు జరుగుట యాదృచ్ఛికమని తోచదు.

తిరునల్వేలి సొసైటీ తన పనికి డోర్నకల్ ప్రాంతము నెన్నుకొనెను. పరులను పంపుటేగాని తాను పోవుట యేల మానవలెనని అజరయ్య ప్రశ్నించుకొనెను కాబోలు, 1909లో యువజన సంఘపు కొలువు విడిచి, గురుత్వము స్వీకరించి అచ్చటికే వచ్చెను. ముప్పదియైదేండ్ల వయసున తెలుగు నేర్వవలసి వచ్చెను. తమిళలిపిలో క, గలకు ఒక్కటే అక్షరము. ఒత్తక్షరములు మొదలే లేవు. తమిళునకు మన వర్ణమాల యెంత కొండయో బోధకుల కెరుకయే. అయినను పల్లెజనులతో వారి నుడిలోనే మాటలాడి, కీర్తనలను, కాలక్షేపములను ఆరాధనలోనికి ఆహ్వానించెను.

1910 జూనులో ఎడింబరో నగరమున ప్రపంచ మిషనరీ మహాసభ జరిగెను. వేయిమందికి మించిన ప్రతినిధులలో ఆసియావాసులు వ్రేళ్లమీద లెక్కింపదగినవారు. అందు అజరయ్య లేచి, దొరలు మాకు ధనమిచ్చిరి, శ్రమయిచ్చిరి, స్నేహము మాత్రము ఈయలేదని దాపరికము లేక చెప్పెను. సభలో కొందరు నొచ్చుకొనిరి. ఆ పలుకులు నిజమగుటచేతనే నొచ్చినవి.

1912 డిసెంబరు 29న కలకత్తా నగరమున ఆయనకు బిషప్పు పదవి నొసగిరి. ఆంగ్లికన్ సంఘమున ఆ పీఠమెక్కిన మొదటి భారతీయు డాయన. తెల్లవారు నల్లవాని క్రింద పనిచేయుదురా యని మిషనరీలలోనే గాక దేశీయ క్రైస్తవులలోను పలువురు అడ్డుపలికిరి. అందుచే మొదట చిన్న అధ్యక్షఖండమునే అప్పగించిరి. అసలు పరీక్ష పిమ్మట వచ్చినది. 1841లో రాబర్టు నోబులు, హెన్రీ ఫాక్సు మచిలీపట్టణమున అడుగుపెట్టిననాటినుండి ఇంగ్లీషు మిషనరీలు నడపుచుండిన కృష్ణాడెల్టా సంఘములు, బెజవాడతో సహా, ఆయన ఏలుబడిలోనికి చేరినవి. ఆ దొరలు ఇక నీ తమిళుని ఆజ్ఞకు లోబడవలసినవారే. ఎడింబరోలో కోరిన స్నేహమును, అధికారము చేజిక్కిన పిదప తానే చూపవలసివచ్చెను.

ఎడ్లబండిమీద, సైకిలుమీద పల్లెలు తిరుగుట ఆయన పాలనాపద్ధతి. 1935 నాటికి రెండువేలకు పైబడిన గ్రామోపాధ్యాయులు ఆయన క్రింద పనిచేయుచుండిరి. పంతులుద్యోగమునకు శిక్షణ పొందవచ్చిన యువకుల భార్యలకు గూడ చదువు చెప్పించెను. ఇందు ఆయన భార్య అన్బు మరియమ్మాళ్ చేయూత మిక్కిలి. సహకార సంఘములు, వైద్యశాలలు, ముద్రణాలయములు నెలకొనెను. పేదలు గూడ ఇచ్చుట నేర్వవలెనని ఆయన పట్టుదల. పొయ్యిమీద కెసరు పెట్టునపుడు పిడికెడు బియ్యము తీసి సంఘమునకై వేరుకుండలో వేయుట ఇల్లాండ్రకు అలవాటయినది. యువజన సంఘమున నేర్చిన పాఠము మాలపల్లెల, మాదిగపల్లెల కీ రీతిగా దిగివచ్చినది. మాలలు, మాదిగలు ఒక్క పంక్తిని కూర్చుండవలెనని మాత్రము ఆయన ఎంత పోరినను పూర్తిగా నెగ్గలేదు.

1930 దశకమున గాంధీమహాత్మునితో ఆయనకు విరోధాభిప్రాయము కలిగెను. హరిజనులు గుంపులుగా మతము మారుట గాంధీజీకి సమ్మతము కాలేదు. తన త్రోవను తానెంచుకొను హక్కు అంటరానివానికిని కలదని అజరయ్య వాదము. ఇంతవాడయ్యును, క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు వలదని ఆయన గట్టిగా వ్యతిరేకించెను. మతమును రాజకీయపు వాటాగా మార్చుట ఆయనకు గిట్టదు. ఈ రెండవ సంగతిని ఆయన విమర్శకులు తరచు మరచుచుందురు.

1939 జనవరి 6న డోర్నకల్‌లో ప్రతిష్ఠింపబడిన దేవాలయమున హిందూ స్తంభములు, మహమ్మదీయ గుమ్మటములు కలిసిమెలిసి యుండును. భిన్న శాఖల ప్రొటెస్టెంటులను ఏకము చేయవలెనని 1919లో తరంగంబాడిలో ఆయన కూడ పూని ఆరంభించిన యత్నము మాత్రము ఏండ్ల తరబడి సాగినది. 1945 జనవరి 1న అజరయ్య డోర్నకల్‌లోనే కన్నుమూసెను. ఆయన పీఠమెక్కిన ముప్పదిరెండేండ్లలో మరియొక భారతీయుని ఆంగ్లికన్ అధ్యక్షఖండమునకు అధిపతిగా నియమింపలేదు. దక్షిణ ఇండియా సంఘము 1947 సెప్టెంబరు 27న అవతరించెను. కృష్ణా, గోదావరీ మండలముల సంఘములు అప్పుడు డోర్నకల్ నుండి వేరై తమ సొంత అధ్యక్షఖండముగా ఏర్పడినవి.