లిండ్లీ మర్రే చరిత్రము

ఆంగ్లభాష నభ్యసించు మన బాలబాలికలకు గలుగు చిక్కులలో నొకటి, ఒకే మాటకు గల మూడు రూపములలో నేది యెచ్చట వాడవలెనో తెలియకుండుట. బ్యూటీ నామవాచకము, బ్యూటిఫుల్ విశేషణము, బ్యూటిఫుల్లీ క్రియావిశేషణము. ఇట్టి భేదములను దేశదేశముల పిల్లలకు బాఠరూపమున నందించిన మహనీయుడు లిండ్లీ మర్రే. ఆయన చరిత్రమును మేమిచట సంగ్రహముగా జెప్పనెంచితిమి.

మర్రే 1745వ సంవత్సరమున అమెరికాలోని పెన్సిల్వేనియాలో క్వేకరు కుటుంబమున జన్మించెను. తండ్రి రాబర్టు మర్రే గొప్ప వర్తకుడు. న్యూయార్కు నగరమందలి మర్రే హిల్ అను పేట నేటికిని ఆ తండ్రి కుటుంబము పేరనే యున్నది. కుమారుడు తన వ్యాపారమునే చేపట్టవలెనని తండ్రి కోరిక. బాలునకు జదువుపై మక్కువ. ఒకసారి తండ్రి దండింపగా నతడిల్లు విడిచి బర్లింగ్టను పట్టణమునకు బోయి, అచట నొక పాఠశాలలో జేరెను. పిమ్మట తండ్రి సమ్మతింపగా న్యాయశాస్త్రము చదివి న్యాయవాది యయ్యెను. 1767లో హన్నా డాబ్సను అను కన్యను వివాహమాడెను. న్యాయవాదమువలనను వర్తకమువలనను ధనము చేకూరెను.

ఇట్లుండగా కండరముల బలము సన్నగిల్లు వ్యాధి యాయనను బట్టుకొనెను. వాతావరణము మారిన మేలు కలుగునను ఆశతో 1784లో భార్యతో నింగ్లండునకు వచ్చి, యార్కు నగరము చెంతనున్న హోల్గేటులో నివాస మేర్పరచుకొనెను. ఆశ ఫలింపలేదు. నడక నానాటికి గష్టమయ్యెను.

యార్కులో క్వేకరుల బాలికా పాఠశాల యొకటి యుండెను. అందలి ఉపాధ్యాయినులు తమ విద్యార్థినులకు దగిన వ్యాకరణము లేదని, దానిని వ్రాసి యిమ్మని యాయనను వేడుకొనిరి. ఆ కోరికపై వ్రాసిన ఆంగ్ల వ్యాకరణము 1795లో వెలువడెను. అప్పటికాయనకు యేబది యేండ్లు. రాబర్టు లౌత్ మొదలగు పూర్వుల గ్రంథములనుండి యనేక విషయములు గైకొంటినని యాయన దాచక తెలిపెను. 1797లో అభ్యాసముల పుస్తకమును, 1799లో వాచకమును బ్రకటించెను. ఒక చిన్న పాఠశాలకై పుట్టిన వ్యాకరణము ఇంగ్లండునను అమెరికాయందును లక్షలకొలది ప్రతులు చెల్లినది.

ఆయన అభ్యాసములలో దప్పు వాక్యములు వరుసగా నుండును. వానిని విద్యార్థియే దిద్దవలెను. క్రియావిశేషణ ముండవలసిన చోట విశేషణమును వాడుట ఆయన తప్పని చూపిన వానిలో నొకటి. ఆయన నియమములు కొన్ని మిక్కిలి బిగువైనవని తరువాతి పండితులు విమర్శించిరి. అయినను, వాక్యములో బదము చేయు పని నరయుమను పాఠము చెడలేదు.

మన పిల్లలకీ పాఠము మఱింత యవసరము. ఆ పువ్వు అందముగా నున్నది, ఆ బాలిక అందముగా వ్రాసినది అని తెలుగున రెండుచోట్లను ‘గా’ యనియే యందుము. ఆంగ్లమున మొదటి దానికి బ్యూటిఫుల్, రెండవ దానికి బ్యూటిఫుల్లీ వాడవలెను. ఏలన, మొదటి మాట పువ్వును దెలుపును, రెండవది వ్రాయుటను దెలుపును. పువ్వు యొక్క అందము అన్నచో బ్యూటీ యగును. కాబట్టి ‘గా’ కనబడిన చోటనెల్ల ‘లీ’ చేర్చరాదు. అంతియే కాదు; కష్టపడి పనిచేసితినని చెప్పదలచి హార్డ్ అనవలసిన చోట హార్డ్లీ యని వ్రాసినచో, పని దాదాపు చేయనేలేదని యర్థమగును. ఉద్యోగముకొరకు వ్రాసిన యర్జీలో నీ యొక్క యక్షరభేదము ఎంత నష్టము చేయునో విద్యార్థులే యూహించుకొందురు గాక!

పుస్తకములవలన వచ్చిన ధనమును మర్రే ధర్మకార్యములకు వినియోగించెను. కడపటి పదునారేండ్లు ఆయన యిల్లు వెడలలేదు. నడువలేని యా మనుజుని పుస్తకము మాత్రము సముద్రములు దాటి సంచరించుచుండెను. 1826లో, ఎనుబది యేండ్ల ప్రాయమున, హోల్గేటులోనే కన్నుమూసెను. ఆయన తోటలోని చిన్న మందిరమును తరువాత యార్కులోని క్వేకరు పాఠశాలయైన మౌంటు పాఠశాల యావరణమున నిలిపిరి. పదమును వ్రాయుటకు ముందు దాని పని యేమని యొక్క క్షణము యోచించు ప్రతి విద్యార్థియు ఆయన శిష్యుడే యని మేము తలంచుచున్నాము.